పిన్ని నేర్పిన చుట్టుదారి

మా పిన్ని పోయిన రోజు మామూలుగానే తెల్లవారింది.

మాఘమాసం. మంచు ఇంకా విడలేదు. స్నానం చేసి, తులసికోటలో దీపం పెట్టి, నామం చెప్పుకుని, పిన్ని కోసం మిరియాల పాలు కాచాను. ఇత్తడి గ్లాసు కొంగుతో పట్టుకుని పుట్టింటికి బయల్దేరాను. నా మెట్టినిల్లూ పుట్టినిల్లూ ఒకే వీధిలో. చల్లారకుండా పాలు తీసుకెళ్ళగలిగినంత దూరమే.

మిరపకోతల కాలం కదా, కూలి ఆడవాళ్ళు ముక్కుకూ మూతికీ గుడ్డలు చుట్టుకుని పొలాలకు పోతున్నారు. కళ్ళు మాత్రమే కనిపిస్తాయి. ఆ కళ్ళలో ఒక జత నన్ను గుర్తుపట్టి ఆగింది.

"ఏం పెద్దమ్మాయిగారూ, పంతులమ్మగారికి ఆయాసం తగ్గిందా?"

"అట్టాగే ఉందమ్మా."

"కోతలైందాకా తగ్గదులే. ఊరంతా కారమేగా" అంటూ వెళ్ళిపోయింది.

పుట్టింటి గుమ్మం దగ్గరకు రాగానే మా తమ్ముడి కూతురి గొంతు వినిపించింది. ఇంగ్లీషులో ఏదో చెబుతోంది. అదీ రోజూ ఉండేదే. అరుగు మీద గోడకు చేరగిలబడి, గొంగళి కప్పుకుని పిన్ని. కింది మెట్టు మీద ఒళ్ళో చేట పెట్టుకుని, మిరపకాయలకు తొడిమలు తీస్తూ అమ్మాయి. పొద్దున్నే ఒక గంట వాళ్ళిద్దరి పాఠం అక్కడే జరుగుతుంది.

పక్కింట్లో ఎవరో ఎండుమిరపకాయలు వేయిస్తున్నారు. ఆ ఘాటు వీధిలోకి కొట్టింది. అమ్మాయి పాఠం కూడా ఆ ఘాటు గురించే. ఘాటు అంటే ఎరగని మనిషికి ఇంగ్లీషులో దాన్ని విప్పి చెప్పాలి.

"అది వాసన కాదు. అయినా ముక్కుకే ముందు తెలుస్తుంది" అని చెప్పింది.

పిన్నికి ఒక అలవాటుంది. ఈ ఏడాది ఆయాసం ఎక్కువయ్యాక మాటలు తగ్గించింది. ఎదుటివాళ్ళు చెప్పింది అర్థమైతే మోకాలి మీద వేలితో ఒకసారి తట్టేది. అర్థం కాకపోతే కదలకుండా కూర్చునేది. ఇంకోలా చెప్పమని దాని భావం.

పిన్ని కదల్లేదు.

"మిరపకాయ నిప్పు చూస్తే ఇల్లంతా తుమ్ముతుంది" అంది అమ్మాయి. పిన్ని కదల్లేదు. అమ్మాయి చేతిలో కాయ పక్కన పెట్టి కాసేపు ఆలోచించింది. "అది కంటికి కనపడదు. కళ్ళు మాత్రం దానికోసం ఏడుస్తాయి" అంది. నాకున్న కాస్త ఇంగ్లీషుకే అది అందింది. బాగా చెప్పిందే అనుకున్నాను. పిన్ని ఇవాళ మరీ పట్టుదలగా ఉంది అనుకున్నాను. పాఠం మధ్యలో అడ్డుపడడం ఇష్టం లేక గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను.

అమ్మాయి నాలుగోసారి మొదలుపెట్టింది. ఈలోగా ఘాటు నా గొంతులోకి దిగి దగ్గు తెప్పించింది. అమ్మాయికి తుమ్ము వచ్చింది. లోపల్నుంచి మా మరదలి దగ్గు కూడా వినపడింది.

పిన్నికి దగ్గు రాలేదు.

నాకు అలా తెలిసింది.

* * *

ఈ పత్రిక చదివేవాళ్ళలో మా పిన్నిని ఎరిగినవాళ్ళు కొందరైనా ఉంటారు. జిల్లా బోర్డు బడిలో ఆవిడ దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇప్పుడు పిల్లల తల్లులు. ఎరగనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను.

ఆవిడ మా చిన్నాన్న భార్య. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నేను గౌను తొడుక్కునే పిల్లని. నాకు పెద్దక్కలాంటిది. కాపురం ఎక్కువకాలం సాగలేదు. చిన్నాన్న విషజ్వరంతో పోయాడు. మా తాత మాటకు కఠినుడు, మనసుకు కాదు. "ఈ పిల్లని వంటింట్లో కూర్చోబెట్టి దీని వయసు తినలేను" అని గుంటూరు మిషను బడికి పంపించాడు. ఊళ్ళో చాలా అన్నారు. తాత వినలేదు. పిన్ని చదివి, ట్రైనింగు పాసయి, పంతులమ్మ అయింది. ఊరు ఊరూ తిరిగి, రిటైరయ్యాక మా ఇంటికే వచ్చేసింది.

ఇంగ్లీషు చెప్పింది కానీ, తనకు ఇంగ్లీషు వచ్చని ఎప్పుడూ అనలేదు. "నేను చెప్పేదాన్ని కాదే, ఇంకా నేర్చుకునేదాన్నే" అనేది. "మాట దొరక్కపోతే మాట ఆగాలి గానీ, మనిషి ఆగకూడదు" అనేది. ఈ రెండో మాట ఆవిడ దగ్గర చదివిన ప్రతి పిల్లకీ గుర్తుంటుంది.

ఆవిడ అలా ఆగకపోవడం నేర్చుకున్నది మిషను బడిలోనే. ఆ కథ మాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ నవ్వేది.

చేరిన కొత్తల్లో, చిన్నాన్న సంవత్సరీకం వచ్చింది. ఆ రోజుకు ఇంటికి రావాలి. సెలవు అడగాల్సింది దొరసాని దగ్గర. ఆవిడకు తెలుగు రాదు. పిన్నికి ఇంగ్లీషులో తద్దినాన్ని ఏమంటారో తెలియదు. తోటి పిల్లలు ఎవరికీ తెలియదు. ఒకమ్మాయి "జ్వరమని చెప్పు, ఆ మాట నాకు వచ్చు" అందట. పిన్నికి అబద్ధం ఇష్టం లేదు. వెళ్ళి దొరసాని బల్ల ముందు నిలబడింది. తనకు వచ్చిన మాటలు ఒక్కొక్కటీ తీసి పెట్టింది.

"నా భర్త లేడు. ఒక సంవత్సరం అయింది. ఆ రోజు అన్నం ముద్ద పెడతాం. కాకి తింటుంది. కాకి తిన్న తరవాత నేను తింటాను. కాకి మా ఊళ్ళో ఉంది."

దొరసాని కళ్ళజోడు తీసి తుడుచుకుందట. సెలవిచ్చింది. మరుసటి ఏడాది పిన్ని అడక్కముందే పిలిచి, "నీ కాకి రోజు దగ్గరికొస్తోంది కదా" అందట.

"చూడు, ఆ ఒక్క మాట నాకు వచ్చి ఉంటే ఆవిడ సెలవు ఇచ్చి ఊరుకునేది. రాలేదు కాబట్టి గుర్తుపెట్టుకుంది" అనేది పిన్ని.

ఇంకొకటి, ఆవిడ ఉద్యోగం చేసిన బడిలో జరిగింది. వానాకాలం పెంకుల్లోంచి కారి క్లాసులు తడిసిపోయేవి. తనిఖీకి వచ్చిన పెద్ద ఆఫీసరు తెలుగువాడు కాదు. ఆవిడను పేరు పెట్టి పిలిచి, మీ క్లాసుకు ఏం కావాలని అడిగాడు. కారడం అన్న మాట ఆ క్షణాన నోటికి రాలేదు. "వానొస్తే మా క్లాసులోకి ఆకాశం వస్తుందండీ. పిల్లలు లేచి దానికి చోటిస్తారు" అంది ఇంగ్లీషులో. ఆఫీసరు పెద్దగా నవ్వాడు. నవ్వి, పైకి చూశాడు. ఆయన వెళ్ళాక హెడ్మాస్టరు పిన్ని మీద విసుక్కున్నారు.

"ఏమ్మా, అంత చిన్న మాట తెలియకపోతే నన్నడగొచ్చుగా. పరువు తీశారు."

"ఆ మాట మీరు పోయినేడు కూడా వాడారు కదండీ" అంది పిన్ని.

తరవాతి వానలకు ముందే పెంకులు వచ్చాయి. ఇది గొప్ప అనుకుని ఆవిడ చెప్పుకోలేదు. ఎవరైనా పిల్ల నోరు విప్పడానికి జంకితే చెప్పేది. అంతే.

* * *

ఇక మా తమ్ముడి కూతురి సంగతి. ఇది చెప్పకపోతే ఆ రోజు అర్థం కాదు.

అమ్మాయి ఎస్సెస్సెల్సీ పాసయి ఇంట్లో ఉంది. గుంటూరులో టెలిఫోను ఆఫీసులో ఆడపిల్లల్ని తీసుకుంటున్నారని తెలిసింది. పిన్నే దరఖాస్తు పెట్టించింది. కాగితం మీద పరీక్ష బాగానే రాసింది. ఇంటర్వ్యూ అంతా ఇంగ్లీషులో. పోయినేడు వెళ్ళి, సాయంత్రం బస్సుకు తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఏమడిగారే?" అంది పిన్ని.

"మీ నాన్న ఏం పండిస్తారన్నారు. మిరపకాయలన్నాను. కోసినాక ఏం చేస్తారన్నారు."

"ఏం చెప్పావు?"

"కల్లానికి ఇంగ్లీషు మాట రాలా, నాయనమ్మా."

"రాకపోతే?"

"ఊరుకున్నా. వాళ్ళూ కాసేపు చూసి, ఇంక వెళ్ళమన్నారు."

పిన్ని మెల్లిగా అడిగింది.

"కల్లం అంటే ఏందో నీకు తెలుసా?"

"నాకెందుకు తెలీదు? కోతలైందాకా అందరం చచ్చేది అక్కడేగా."

"మరి ఆ చచ్చేదే చెప్పొచ్చుగా."

అమ్మాయి ఏడ్చింది. పిన్ని ఓదార్చలేదు. మర్నాటి నుంచి పాఠం మొదలుపెట్టింది. ఈ ఏడాది దాటితే అమ్మాయికి ఆ ఉద్యోగానికి వయసు మించిపోతుంది. మా తమ్ముడు కూడా "ఇదే ఆఖరు, ఇంకోసారి నన్నడగొద్దు" అని ముందే చెప్పేశాడు. వాడిని తప్పు పట్టలేను. రెండేళ్ళుగా మిరపకు ముడత తెగులు. వాడు అలసిపోయి ఉన్నాడు. మేమంతా అలసిపోయే ఉన్నాం.

పిన్ని పాఠంలో పుస్తకం ఉండదు. వీధిలో పోయేదాన్ని చూపించి, దాని పేరు అనకుండా దాన్ని చెప్పమనేది. అమ్మాయి చేతులు తిప్పుతూ చెప్పబోతే ఒప్పుకునేది కాదు. "తీగకు అవతల ఉన్న మనిషికి నీ చేతులు కనపడవు. మాటే వెళ్ళాలి" అనేది. అందుకే చేతులకు పని ఉండాలని ఒళ్ళో చేట పెట్టేది. ఇంట్లో తొడిమలు తీసే పని ఎటూ తెమలదు.

మొదట్లో అమ్మాయికి అసలు రాలేదు. పేరు తెలియనిదాన్ని ఎట్టా చెబుతామని మొండికేసేది. ఆ మొండితనం తీరిన రోజు నేనూ అక్కడే ఉన్నాను.

ఓటర్ల పేర్లు రాసుకోవడానికి ఒక కుర్ర గుమాస్తా వచ్చాడు. ఎండలో తిరిగి మొహం కందిపోయి ఉంది. మా వాకిట్లో తొడిమలు తీస్తున్న కూలి ఆడవాళ్ళనే ముందు రాసుకుందామని కూర్చున్నాడు. పిన్ని మజ్జిగ ఇప్పించింది.

"నీ పేరేందమ్మా?"

"సుబ్బులు."

"భర్త పేరు?"

సుబ్బులు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కవాళ్ళు కిసుక్కున నవ్వారు. మా వైపు ఆడవాళ్ళు మొగుడి పేరు పలకరు. ఈ సంగతి మీకు కొత్త కాదు. ఆ అబ్బాయికీ కొత్త కాదు, కానీ ఓపిక అయిపోయింది.

"చెప్పు తల్లీ, ఇంకా రెండు వీధులున్నాయి."

"మంగళగిరిలో పానకం తాగే సామి."

"నరసింహమా?"

సుబ్బులు తలూపింది. రాసుకున్నాడు. తరవాతావిడ తన వంతు రాగానే "రాములవారి తమ్ముడు" అంది.

"ఆయనకు ముగ్గురు తమ్ముళ్ళమ్మా!"

"అడివికి ఎంట పోయినాయన."

"లక్ష్మయ్య. పేరు చెప్తే మొగుడు పారిపోతాడా అమ్మా?"

"పోతాడంటే చెప్దుంగా, పోడు" అంది ఆవిడ. అందరూ విరగబడి నవ్వారు.

చివర ఒక ముసలమ్మ. "సోమవారం నేను ఒంటిపూట ఉండేది ఎవరికి?" అంది.

"శివయ్యా?"

"ఇంకొంచెం పైకి పోవయ్యా."

"పైకి అంటే... కైలాసమా?"

"అంత పైకొద్దు నాయనా. నెత్తి మీదికి. తడిగా ఉండిద్దే, అదీ!"

"గంగాధరం!" అని గుమాస్తా అరిచాడు. అరిచి తనే నవ్వేశాడు. ముసలమ్మ సిగ్గుపడి చేట ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

అతను వెళ్ళాక పిన్ని అమ్మాయి వైపు తిరిగింది.

"వీళ్ళలో ఒక్కతైనా పేరు చెప్పిందా?"

"లేదు."

"ఆ అబ్బాయి రాసుకోకుండా పోయాడా?"

"లేదు."

"చదువు లేని ఆడది పేరు పలక్కుండా కాపురమంతా చేసుకొస్తుంది. నీకు ఒక్క మాట రాకపోతే నోరు మూసుకుని బస్సెక్కుతావా?"

ఆ సాయంత్రం, ఎవరూ అడక్కుండానే, అమ్మాయి కల్లాన్ని ఇంగ్లీషులో చెప్పింది. "ఊరి బయట ఒక చోటు. గడ్డి చెక్కి, పేడతో అలుకుతాం. మిరపకాయలు అక్కడ పడుకుంటాయి. ఎండ వాటిని తిరగెయ్యదు, మేం తిరగేస్తాం. దూరం నుంచి చూస్తే నేల మీద ఎర్ర చీర ఆరేసినట్టుంటుంది." పిన్ని మోకాలి మీద వేలితో తట్టింది. రెండుసార్లు తట్టిందని అమ్మాయి ఇప్పటికీ అంటుంది. నేను చూడలేదు.

* * *

పిన్ని కూడా మా చిన్నాన్న పేరు చివరి వరకూ పలకలేదు. మాతో "మీ చిన్నాన్న" అనేది. ఆఫీసు కాగితాల్లో రాసేది గానీ, అది చదివి వినిపించమంటే నా చేతికిచ్చేది. పోయిన కార్తీకంలో ఇద్దరం దీపాలు పెట్టి కూర్చున్నప్పుడు నేనే అడిగాను.

"ఇన్నేళ్ళయింది కదా పిన్నీ. ఒక్కసారైనా పలకాలనిపించలేదా?"

"పలికితే దగ్గరవుతాడా, పలక్కపోతే దూరమవుతాడా" అంది. మళ్ళీ తనే, "పేరు అందరూ పిలిచేదే కదే. చుట్టూ తిరిగి చెప్పుకునేదే నాది" అంది.



తన బాధలు కూడా ఆవిడ అలాగే చెప్పేది. అలసిపోయానని ఎప్పుడూ అనలేదు. "ఇవాళ పొద్దు పెద్దదైందమ్మాయ్" అనేది. ఆయాసం వస్తే "ఊపిరి మెట్లెక్కుతోంది" అనేది. కోతల కాలంలో ఊరు విడిచి మా రెండో చెల్లెలి ఇంటికి, చీరాల పొమ్మని ఎంతో చెప్పాం. అక్కడ సముద్రపు గాలి. ఈ కారం ఉండదు. "ఇంకో మూడు రోజుల్లో దానికి ఇంటర్వ్యూ, అది అయిపోనివ్వండి, వెళతాను" అని పోయే ముందురోజు కూడా అంది. ఆవిడ ఊపిరికి ఈ ఊరి గాలి పనికిరాదని ఆవిడకు తెలుసు. అయినా ఉంది. ఎందుకు ఉందో మాకు తెలుసు, అమ్మాయికీ తెలుసు.

నాకూ ఈ మధ్య పొద్దు పెద్దదవుతోంది. కానీ ఆవిడలా చెప్పడం నాకు రాదు. అలసిపోయాను అని మామూలుగా అంటాను. దేవుడి ముందు కూర్చుంటే కాస్త తగ్గుతుంది.

* * *

ఆ రోజు మధ్యాహ్నానికే కార్యక్రమం అయిపోయింది. పిన్నికి పిల్లలు లేరు కాబట్టి మా తమ్ముడే కొరివి పెట్టాడు. మగవాళ్ళు స్నానాలు చేసి వచ్చారు. పిన్ని పడుకున్న చోట దీపం పెట్టాం. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు. ఎదురింటివాళ్ళు అన్నం, చారు, మజ్జిగ తెచ్చి పెట్టి వెళ్ళారు. ఎవరికీ ఆకలి లేదు.

పొద్దు వాలింది. నడవలో మా పెద్దన్నయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మా పెదనాన్నగారి అబ్బాయి. మా వంశంలో ఇప్పుడు అందరికీ పెద్ద. ఆచారం దగ్గర ఆయన మాటే మాట. మా తమ్ముడు ఆయన పక్కన తడి తువ్వాలు భుజాన వేసుకుని, నేలకేసి చూస్తున్నాడు. అమ్మాయి దీపం దగ్గర కూర్చుంది. పొద్దున్నుంచి ఏడవలేదు, మాట్లాడలేదు.

ఎల్లుండి ఇంటర్వ్యూ సంగతి అందరి మనసుల్లోనూ ఉంది. ఎవరూ ఎత్తలేదు. చివరికి మా మరదలే తలుపు చాటు నుంచి అంది.

"ఎల్లుండి గుంటూరు సంగతి చెప్పండి. నోళ్ళు మూసుకు కూర్చుంటే తెమిలేది కాదిది."

"చెప్పేదేముందమ్మా?" అన్నాడు పెద్దన్నయ్య. "మైలలో ఉన్న పిల్ల. పదోరోజు దాకా గడప దాటదు."

"ఇది పోతే వయసు దాటిపోతుంది బావగారూ."

"దాటితే దాటుద్ది. కట్టె ఇంకా చల్లారలా. ఇంట్లోంచి పిల్లని ఉద్యోగానికి పంపామంటే నలుగురూ ఏమంటారు?"

మా తమ్ముడు తలెత్తాడు. "పిన్ని ఉంటే అన్నయ్యా..."

"లేదు కాబట్టేగా నేను మాట్లాడాల్సి వచ్చింది. ఉంటే నా మాట విన్నదెప్పుడు?" అన్నాడు. ఆయనకూ పిన్ని చిన్నప్పటి నుంచి పిన్నే.

నేను లోపల నామం అనుకుంటున్నాను. ఇలాంటప్పుడు వాదించడం నాకు చేతకాదు.

"అన్నయ్యా, దాన్ని ఒకసారి అడుగు" అన్నాను.

ఆయన అమ్మాయి వైపు చూశాడు. "ఏమ్మా? పోవాలనుందా నీకు?"

ఎంత కష్టమైన ప్రశ్నో చూడండి. ఉంది అంటే, పోయినావిడ మీద ప్రేమ లేదంటారు. లేదు అంటే అబద్ధం. పైగా చావింట్లో పోతాను, వెళతాను అనే మాటలు నోట రాకూడదు. అమ్మాయి నేల చూపులు చూసింది. నాకు పోయినేడు సాయంత్రం బస్సు దిగి అరుగు మీద కూర్చున్న మొహం కనిపించింది. మా మరదలు తలుపు చెక్క గట్టిగా పట్టుకుంది. ఊరుకుంటుందనే అనుకున్నాను.

"పెదనాన్నా" అంది అమ్మాయి. "పొద్దున నాయనమ్మకి ఒక సంగతి చెబుతున్నా. ఒకసారి చెప్పా. అర్థంకాలేదనుకుని ఇంకోలా చెప్పా. మళ్ళీ ఇంకోలా చెప్పా. నాలుగోసారి చక్కగా కుదిరింది. అప్పటికి వినేవాళ్ళు లేరు."

పెద్దన్నయ్య వింటున్నాడు.

"వినపడని మనిషికి అంతసేపు చెప్పగలిగాను. చెవులున్నవాళ్ళకి చెప్పలేనా అని ఉంది పెదనాన్నా."

అప్పుడు ఏడ్చింది. చిన్నపిల్లలా ఏడ్చింది. మా తమ్ముడు తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. పెద్దన్నయ్య దీపం దగ్గరికి జరిగాడు. ఒత్తి పొడుగైతే పుల్లతో సర్దాడు. తరవాత, ఎవరినీ చూడకుండా అడిగాడు.

"మొదటి బస్సు ఎన్నింటికిరా?"

"ఆరున్నరకి" అన్నాడు తమ్ముడు.

"ఈ మంచులో అది వేళకెప్పుడొచ్చింది గనక. ముందే నిలబడాలి." నా వైపు తిరిగాడు. "అమ్మాయ్, నువ్వు మెట్టినింటి ఆడదానివి. నీకు స్నానంతో సరిపోద్ది కదా?"

"సరిపోతుంది అన్నయ్యా."

"మరింకేం" అన్నాడు.

అలా నిర్ణయమైంది. ఎల్లుండి తెల్లవారకముందే అమ్మాయి తలమీద నీళ్ళు పోసుకుని, నూనె రాయకుండా, పూలు పెట్టకుండా, ఉతికిన చీర కట్టుకుని దొడ్డివైపు నుంచి బయటికి రావాలి. ఎవరితోనూ చెప్పకూడదు. ఎవరూ సాగనంపకూడదు. నేను వీధి మొదట్లో నిలబడి ఉండి, తోడుగా బస్సెక్కాలి. తిరిగొచ్చాక బావి దగ్గర నీళ్ళు పోసుకునే లోపలికి రావాలి. ఈ ఏర్పాట్లన్నీ పెద్దన్నయ్యే చెప్పాడు, ఒక్కొక్కటి, ఆలోచించుకుంటూ. పదోరోజు కార్యక్రమంలో దీనికి ఏదైనా ప్రాయశ్చిత్తం ఉంటే తానే అడిగి చేయిస్తానన్నాడు. మా మరదలు తలుపు వదిలి లోపలికి వెళ్ళింది.

తరవాత ఆయనే విస్తళ్ళు వేయమన్నాడు. పొద్దున్నుంచి ఎవరూ తినలేదని అప్పుడే గుర్తొచ్చినట్టు. ఎదురింటివాళ్ళు తెచ్చిన అన్నం చల్లారిపోయింది. ఆయన తన చేత్తో అమ్మాయి విస్తట్లోకి మజ్జిగ వంపాడు. "తిను. గొంతులో బలం ఉండాలి" అన్నాడు.

అమ్మాయి తింది. ముద్దకూ ముద్దకూ మధ్య ఆమె పెదవులు చిన్నగా కదులుతూనే ఉన్నాయి. ఏమిటని ఎవరూ అడగలేదు.